బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ

న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ లూథర్ కింగ్ విగ్రహాన్ని మన పిల్లలు చాలామంది చూసే ఉంటారు. 1967 నవంబరు 13న ఆయన మన ఊరు వచ్చి ఇక్కడ గౌరవ డాక్టరేట్ అందుకున్నారు. ఆయన బతికి ఉండగా అటువంటి గౌరవం ఇచ్చిన బ్రిటిష్ విశ్వవిద్యాలయం ఇదొక్కటే. సరిగ్గా యాభై ఏళ్ళకు, 2017 నవంబరు 13న, ఆ విగ్రహాన్ని ఆవిష్కరించారు.

ఆ కింగ్ గారు 1952లో, బోస్టన్‌లో చదువుకుంటున్న రోజుల్లో, ఆల్ఫా ఫై ఆల్ఫా అనే సోదర సంఘంలో చేరారు. ఇది అమెరికాలోని నల్లజాతి విద్యార్థులు పెట్టుకున్న సంఘం. 1906 డిసెంబరు 4న న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అక్కడ తెల్ల విద్యార్థుల సంఘాల్లో వీరికి చోటు లేదు. అంతకు కొద్దికాలం ముందు కార్నెల్‌లో చదివిన ఆరుగురు నల్లజాతి విద్యార్థులు మరుసటి ఏడు తిరిగి రాలేదు. తమకూ ఆ గతి పట్టకూడదని, ఒకరి చదువుకు ఒకరు అండగా ఉండాలని ఈ ఏడుగురు కలిశారు. తరువాతి కాలంలో ఆ సంఘం తమ పిల్లలను హైస్కూలుకు వెళ్ళమని, కాలేజీ చదవమని ఊరూరా ప్రచారం చేసింది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను చేరదీసి దారి చూపే పని నేటికీ చేస్తోంది.

పిల్లలూ! 1906 అనే ఈ సంవత్సరాన్ని కాస్త గుర్తు పెట్టుకోండి. సరిగ్గా అదే ఏడు, కార్నెల్ పేరు కూడా విని ఉండని ఒక పద్దెనిమిదేళ్ళ తెలుగు కుర్రవాడు హైదరాబాదులో ఇటువంటి పనే మొదలుపెట్టాడు. ఆయనే భాగ్యరెడ్డి వర్మ. ఆయనకు విశ్వవిద్యాలయం లేదు, డిగ్రీ లేదు, వెనక డబ్బు లేదు. మన బడి పిల్లలు, వారి తల్లిదండ్రులు ఆయన కథ తెలుసుకోవాలని ఈ సంచికలో రాస్తున్నాము.

పుట్టుక, బాల్యం

భాగ్యరెడ్డి వర్మ 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో తల్లి కష్టపడి పిల్లలను పెంచింది.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు ఒక విషయం విడమరిచి చెప్పాలి. ఆ రోజుల్లో మాల, మాదిగ కులాల వారిని అంటరానివారు అనేవారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోనిచ్చేవారు కాదు. గుడిలోకి రానిచ్చేవారు కాదు. బడిలో మిగతా పిల్లల పక్కన కూర్చోనిచ్చేవారు కాదు, అసలు చాలా బడుల్లో చేర్చుకునేవారే కాదు. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు. ఫలానా ఇంట్లో పుట్టారు, అంతే. ఈనాడు వీరిని దళితులు అంటున్నాము. అమెరికాలో నల్లజాతి వారికి జరిగినదానికీ దీనికీ తేడాలు ఉన్నాయి గానీ, పుట్టుకను చూసి మనిషికి తలుపు మూసేయడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

భాగయ్య చిన్న వయసులోనే పనికి కుదిరాడు. శాంటోస్ అనే గోవా బారిస్టర్ ఇంట్లో పనిచేశాడు. పని ఇచ్చిన ఆ పెద్దమనిషి కుర్రవాడి తెలివి గమనించి చదువుకోవడానికి ప్రోత్సాహం ఇచ్చాడు. ఒక పెద్దాయన కాస్త శ్రద్ధ తీసుకుంటే ఒక పిల్లవాడి జీవితం ఎలా మలుపు తిరుగుతుందో భాగయ్యకు సొంత అనుభవంతో తెలిసింది. తరువాత ముప్పై ఏళ్ళకు పైగా ఆయన వేలమంది పిల్లల కోసం చేసింది ఆ పనే.

భాగ్యరెడ్డి అన్న పేరు వారి కుటుంబ గురువు పెట్టినది. రెడ్డి అంటే ఇక్కడ కులం పేరు కాదు. రేడు, అనగా పాలకుడు అన్న మాట నుంచి వచ్చిందని, ఈ నేలను ఒకప్పుడు ఏలినవారు తమ పూర్వీకులేనని ఆయన భావన. వర్మ అన్న బిరుదు 1913లో ఆర్యసమాజం వారు ఆయన సేవకు మెచ్చి ఇచ్చారు.

జగన్మిత్ర మండలి

1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. జగత్తుకు మిత్రులము అని దాని అర్థం. జగమంతా తమను దూరంగా ఉంచిన రోజుల్లో జగానికి స్నేహితులమని పేరు పెట్టుకున్నారు!

అయితే ఆ వాడల్లో చదవడం వచ్చినవారు ఎందరని? కరపత్రాలు పంచితే ప్రయోజనం లేదు. అందుకని మండలి వారు హరికథలు, భజనలు పెట్టించేవారు. పగలంతా కూలిపనికి వెళ్ళి వచ్చిన జనం సాయంత్రం కథ వినడానికి చేరేవారు. కథ మధ్యలో చదువు ఎందుకు కావాలో, తాగుడు ఇంటిని ఎలా గుల్ల చేస్తుందో, పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేస్తే ఏమవుతుందో చెప్పేవారు. వినోదంగా వచ్చిన జనం విచారంతో, ఆలోచనతో ఇంటికి పోయేవారు. ఆయన తన జీవితంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని లెక్క చెబుతారు. మైకులు, కార్లు లేని కాలంలో అది ఎంత పనో ఊహించండి.

1911లో ఈ మండలి మాన్యసంఘంగా మారింది. మాన్యులు అంటే గౌరవించదగినవారు. ఎవరినైతే లోకం ముట్టుకోదో వారినే మాన్యులు అని పిలిచారు. మాన్యసంఘం యువకులతో స్వస్తిదళం అనే సేవాదళం ఏర్పడింది. హైదరాబాదులో ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా వంటి మహమ్మారులు వచ్చినప్పుడు, సొంతవాళ్ళే దగ్గరకు రావడానికి భయపడే వేళ, ఈ కుర్రవాళ్ళు రోగులకు సేవ చేశారు, చనిపోయినవారికి అంత్యక్రియలు జరిపించారు. కోవిడ్ రోజులు చూసిన మనకు ఆ ధైర్యం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల విషయంలో కూడా ఆయన గట్టిగా నిలబడ్డారు. ఆ కాలంలో పేద ఇళ్ళ ఆడపిల్లలను దేవుడి పేరుతో జోగినులుగా, మురళీలుగా వదిలేసే ఆచారం ఉండేది. వారికి పెళ్ళి ఉండదు, సంసారం ఉండదు, గౌరవం ఉండదు. ఇది భక్తి కాదు, బిడ్డకు చేసే అన్యాయం అని ఆయన వాడవాడా తిరిగి చెప్పారు. పెద్దలను కూడగట్టి ప్రభుత్వానికి విన్నవించారు. ఎదుటివారి తప్పులను ఎత్తి చూపినంత గట్టిగా తమలోని తప్పులను కూడా ఎత్తి చూపడం ఆయన పద్ధతి.

తెలుగు బడులు

మనవంటి బడి నడుపుకునే వారికి అన్నిటికన్నా దగ్గరగా తోచే సంగతి ఇది. 1910లో ఆయన హైదరాబాదులో ఇసామియా బజార్, లింగంపల్లిలో తమ పిల్లల కోసం బడులు తెరిచారు. ఒక్కొక్కటిగా అవి పెరిగి ఇరవై ఆరు అయ్యాయి. సుమారు 2500 మంది పిల్లలు వాటిలో చదువుకున్నారు. తరువాత ప్రభుత్వం ఆ బడులను తన చేతుల్లోకి తీసుకుంది.

ఆ బడుల్లో చదువు తెలుగులో సాగింది. ఇందులో గొప్ప ఏముంది అని పిల్లలు అడగవచ్చు. అప్పటి హైదరాబాదు నిజాం పాలనలో ఉండేది. రాజభాష ఉర్దూ. కచేరీలో, కోర్టులో, పెద్ద బడుల్లో అదే. తెలుగు మాట్లాడేవారు లక్షల్లో ఉన్నా తెలుగుకు మన్నన లేదు. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి హైదరాబాదులో పుట్టింది తెలుగును నిలబెట్టుకోవాలన్న తపనతోనే. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలోని వారు గోల చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది.

చదువుకున్న న్యాయవాదికే సభలో తెలుగు మాట్లాడితే ఆ గతి పట్టింది. అటువంటి ఊళ్ళో, ఆ సభకు పదేళ్ళ ముందు నుంచే, పలక మొహం చూడని ఇళ్ళ పిల్లలకు భాగ్యరెడ్డి వర్మ అమ్మ మాట్లాడే భాషలో అక్షరాలు దిద్దించారు. పిల్లవాడికి ఇంట్లో వినపడే మాట పుస్తకంలో కనబడితే చదువంటే భయం పోతుంది. తొలి తరం చదువరులకు అది ఎంతో అవసరం. తెలుగు చరిత్రలో భాషోద్యమం గురించి చెప్పుకునేటప్పుడు ఈ వాడల బడులను కూడా చెప్పుకోవడం న్యాయం.

బెజవాడ సభ

1917 నవంబరు 4 నుంచి 6 వరకు బెజవాడలో, అంటే నేటి విజయవాడలో, ఒక పెద్ద సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు పూనుకుని ఏర్పాటు చేసిన ఆ సభకు మొదట అనుకున్న పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షుడిగా హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిదేళ్ళు.

పంచమ అంటే అయిదవ వర్ణం వారు అని. అధ్యక్షస్థానంలో కూర్చున్న ఆయన మొదట ఆ మాటనే ప్రశ్నించారు. శాస్త్రాల్లో గానీ పురాణాల్లో గానీ అయిదవ వర్ణం అన్నది లేదని, ఈ దేశంలో మొదటి నుంచీ ఉన్నవారు తామేనని, తమకు తగిన పేరు ఆది అన్న మాటతో ఉండాలని వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాజన సభగా ముగిసింది. తమ వాడలకు బడులు, బావులు కావాలని, పురపాలక సంఘాల్లో, శాసనసభలో తమవారికి చోటు కావాలని తీర్మానాలు చేశారు.

సభ జరిగిన మూడు రోజులూ ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చరిత్రకారులు రాశారు. సభకు వచ్చినవారు గుడిలోకి వస్తారేమోనని భయం! కొండ కింద మనుషులు బావి కోసం, బడి కోసం తీర్మానాలు చేసుకుంటుంటే కొండ మీద తలుపులు మూసుకున్నాయి. ఈ ఒక్క సంగతి చాలు, ఆ రోజులు ఎటువంటివో పిల్లలకు తెలియడానికి.

పేరు మారితే ఏమవుతుంది అని కొందరికి అనిపించవచ్చు. మనకు ఇక్కడ పేర్ల సంగతి బాగా తెలుసు. పిల్లల పేర్లను బడిలో ఎవరైనా కావాలని వంకరగా పిలిస్తే మనసు ఎంత నొచ్చుకుంటుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఒక జాతి మొత్తాన్ని వందల ఏళ్ళు తిట్టుపేరుతో పిలిస్తే ఎలా ఉంటుంది? మమ్మల్ని ఏమని పిలవాలో మేమే చెబుతాము అనడం ఆత్మగౌరవానికి మొదటి మెట్టు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అన్న పేర్లను అంగీకరించింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆది హిందువులు అన్న పేరు చేర్చింది. బెజవాడ సభలో అన్న మాట సర్కారు కాగితాల్లోకి ఎక్కింది.

పత్రిక, లక్నో సభ

1920ల మొదట్లో మాన్యసంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. ఇందులో వేరే కులాలకు చెందిన ఉదార హృదయులు కూడా చేరి సాయపడ్డారు. న్యాయమూర్తి రాయ్ బాల్ముకుంద్ వారిలో ఒకరు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ వెలిసింది. సభలకు, చర్చలకు, పుస్తకాలకు తమదంటూ ఒక చోటు ఏర్పడింది.

1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ సభకు ఆయన అధ్యక్షత వహించారు. అదే ఏడు లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశం జరగబోతోంది. అక్కడ తమ తరఫున మాట్లాడదగినవారు డాక్టర్ అంబేద్కర్ అని ఆ సభ బలపరిచింది. ఆయన కంటే మూడేళ్ళు చిన్నవాడైన అంబేద్కర్‌ను ముందు నిలిపి తాము వెనక నిలబడడంలో ఆయన పెద్దమనసు కనబడుతుంది. 1931లో భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు. హరికథతో మొదలైన పని పత్రిక దాకా వచ్చింది. అంటే పాతికేళ్ళలో ఆయన మాట వినేవారితో పాటు చదివేవారు కూడా తయారయ్యారన్నమాట!

ఆయన దారి అందరికీ నచ్చిందని చెప్పలేము. ఆరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు వంటి తరువాతి నాయకులకు ఆయనతో అభిప్రాయ భేదాలు వచ్చాయి. మాలలకూ మాదిగలకూ మధ్య ఉన్న ఎడం అంత త్వరగా తగ్గలేదు. ఆది హిందువు అన్న పేరు సరైనదా కాదా అన్న వాదాలు నడిచాయి. ఆయన మీద ఆర్యసమాజ ప్రభావం ఉంది, మరోవైపు బుద్ధుడి మీద భక్తి కూడా ఉంది. హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపించిన తొలివారిలో ఆయన ఒకరు. ఇన్ని వాదాల మధ్య కూడా బడుల పని మాత్రం ఆగలేదు. ఆయనతో విభేదించినవారు కూడా ఆయన వేసిన బాట మీద నడిచి వచ్చినవారే.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. అప్పటికి యాభై ఏళ్ళ వయసు. అంటరానితనాన్ని రద్దు చేసిన భారత రాజ్యాంగాన్ని ఆయన చూడలేదు. 1950లో అది అమలులోకి వచ్చేనాటికి ఆయన బడుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలు పెద్దవాళ్ళయి, తమ పిల్లలను బడికి పంపుతున్నారు.

మనకు ఏమిటి?

ఈ కథ మన న్యూకాసిల్ పిల్లలకు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. మాకు తోచిన రెండు మూడు మాటలు చెబుతాము.

మొదటిది. కార్నెల్‌లోని ఏడుగురు విద్యార్థులు గానీ, హైదరాబాదులోని భాగ్యరెడ్డి గానీ, ఎవరో వచ్చి తలుపు తీస్తారని కూర్చోలేదు. తలుపు తీయమని అడుగుతూనే, ఈలోగా తమ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తామే చదువు చెప్పుకున్నారు. అడగడం మానలేదు, చేయడం కూడా మానలేదు. ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

రెండవది తల్లిదండ్రులకు. మనం ఇల్లు, ఉద్యోగం, వాతావరణం అన్నీ వదులుకుని ఇంత దూరం వచ్చాము. కానీ కులం మాత్రం కొన్నిసార్లు సూట్‌కేసులో మనతో పాటే వస్తుంది. కొత్తగా పరిచయమైన తెలుగువారి ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, మనసులో లెక్క వేసుకునే అలవాటు ఇక్కడి విందుల్లో కూడా కనబడుతుంది. పిల్లలు ఇది గమనిస్తారు. రంగు చూసి తమను వేరుగా చూస్తే బాధపడే పిల్లలకు, ఇంట్లో పెద్దలు ఇంకొకరిని పుట్టుక చూసి తూకం వేయడం ఎలా అర్థమవుతుంది? విశ్వవిద్యాలయంలో కింగ్ విగ్రహం ముందు పిల్లలను నిలబెట్టి ఫొటో తీసే మనం, భాగ్యరెడ్డి వర్మ పేరు కూడా వారికి చెప్పాలి. అప్పుడే పాఠం పూర్తవుతుంది.

మూడవది పెద్ద తరగతుల పిల్లలకు. మీరు గుణింతాలు దాటి కథలు చదివే దశకు వచ్చారు. మీ వెనక చిన్న తరగతిలో అ, ఆలు దిద్దుతున్న పిల్లలు ఉన్నారు. వారిలో కొందరికి ఇంట్లో తెలుగు వినపడేది తక్కువ. సిగ్గుపడతారు, మానేద్దామనుకుంటారు. అటువంటివారి పక్కన వారానికి పదిహేను నిమిషాలు కూర్చోండి. ఒక పేజీ చదివించండి. తప్పు పలికితే నవ్వకండి. ఈ ఏడు నుంచి ఒక్కొక్క పెద్ద తరగతి విద్యార్థికి ఒక చిన్న తరగతి పిల్లవాడినో పిల్లనో అప్పగించాలని మేము అనుకుంటున్నాము. వారిది ఏ ఊరు, ఏ ఇల్లు అని చూడకుండా జంటలు కడతాము. ఇష్టమున్న పిల్లలు తమ పేర్లు టీచర్లకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.